గుండె డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు ఇవి సిద్ధం చేసుకోండి

ఇచ్ఛాపురం, సోంపేట వైపు వాళ్లకి విశాఖలో పెద్ద గుండె డాక్టరుకి చూపించుకోవడమంటే ఒక రోజంతా పోయే పని. తెల్లారకుండా రైలెక్కి, ఓపీలో మధ్యాహ్నం దాకా కూర్చుంటే, లోపల దొరికేది కాసేపే. అనుభవం ఉన్న డాక్టరుకి ఆ కాసేపు చాలు, కాకపోతే మనం చెప్పాల్సింది సరిగ్గా చెప్పాలి.

ముందు ఒక మాట. ఛాతీ బరువుగా నొక్కేసినట్టు ఉండి, చెమటలు పట్టి, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకుతుంటే ఓపీ, అపాయింట్‌మెంట్ అనుకోకండి, వెంటనే 108కి ఫోన్ చేయండి. గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకోవద్దు. కొన్ని రకాల గుండెపోటుకి గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఉంది, అది మొదటి 12 గంటల్లోపే ఇస్తారు, ఎంత త్వరగా పడితే గుండె కండరం అంత మిగులుతుంది. అందుకే నేరుగా విశాఖ బయల్దేరకుండా ముందు దగ్గర్లోని పెద్దాసుపత్రిలో ఈసీజీ తీయించండి. షుగర్ ఉన్నవాళ్లకి నొప్పి లేకుండా ఉత్త ఆయాసం, నీరసంతోనే గుండెపోటు రావచ్చు, ఇది మర్చిపోవద్దు.

ఇక మామూలుగా చూపించుకోవడానికి వెళ్తుంటే, "గుండెల్లో ఒకలా ఉంటోంది" అంటే డాక్టరుకి ఏమీ తెలీదు. ఏం చేస్తుంటే వస్తోంది, ఎంతసేపు ఉంటోంది, ఆగితే తగ్గుతోందా? "మెట్లెక్కితే పట్టేస్తుంది, కాసేపు నిలబడితే పోతుంది" అన్న ఒక్క మాటతో తర్వాత ఏ పరీక్ష రాయాలో ఆయనకి సగం తేలిపోతుంది. పడుకుంటే ఆయాసం వచ్చి లేచి కూర్చోవాల్సి వస్తోందా, కాళ్లు వాస్తున్నాయా అన్నదీ చెప్పాలి. పేషెంటుని మాట్లాడనివ్వండి, పక్కనున్న కొడుకో కోడలో అందుకుని చెప్పేస్తుంటే అసలు సంగతి బయటికి రాదు. నాన్నకి, అన్నదమ్ములకి 55 ఏళ్లలోపు, అమ్మకి, అక్కచెల్లెళ్లకి 65 లోపు గుండెజబ్బు వచ్చి ఉంటే అదీ చెప్పండి.

పొగ సంగతి దాచొద్దు. మన తీరం ఊళ్లల్లో పెద్దవయసు ఆడవాళ్లు అడ్డపొగ (చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని) తాగుతారు, డాక్టరు అడిగితే సిగ్గుపడి లేదంటారు. అదీ పొగాకే, గుండెకి అదీ చేటే.

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వాళ్లు ఇంకొకటి తప్పకుండా చూసుకోవాలి. గుండె రక్తనాళాల్లో అడ్డు ఉందేమో చూసే యాంజియోగ్రామ్‌లో ఎక్కించే మందు కిడ్నీల మీద పడుతుంది కాబట్టి కవిటి, కంచిలి, పలాస, వజ్రపుకొత్తూరు వైపు నుంచి వెళ్లేవాళ్లు కొత్త క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) రిపోర్టు పట్టుకెళ్లి, ఆసుపత్రి వాళ్లు అడిగేదాకా ఆగకుండా మీరే ముందు చూపించండి. ఒళ్లునొప్పులకి ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన మాత్రలు వాడుతున్నా చెప్పాలి, వాటిలో చాలావరకు కిడ్నీకీ గుండెకీ రెండింటికీ మంచివి కావు.

మందుల పేర్లు గుర్తుండవు, అందుకని స్ట్రిప్పులే కవర్లో వేసుకెళ్లండి. పాత ఈసీజీలు పారేయొద్దు, కొత్తదానితో పక్కన పెట్టి చూస్తేనే మార్పు తెలుస్తుంది. ఆ కాగితం మీద గీతలు కొన్నాళ్లకి వెలిసిపోతాయి, తీసిన రోజే ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి.

ఈసీజీ బాగుందంటే రక్తనాళాల్లో అడ్డు లేదని కాదు, అందుకే లక్షణాలు చూసి ఎకో, ట్రెడ్‌మిల్ రాస్తారు. అత్యవసరం కాకుండా స్టెంట్ వేయాలన్నారంటే యాంజియోగ్రామ్ సీడీ అడిగి తీసుకుని ఇంకో డాక్టరుకి చూపించడంలో తప్పేమీ లేదు, మంచి డాక్టరు దానికి నొచ్చుకోరు. ఎన్టీఆర్ వైద్య సేవలో చేయించుకోవాలనుకుంటే అడ్మిట్ కాకముందే ఆసుపత్రిలో ఆ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రని కలవండి, రైస్ కార్డు, ఆధార్ దగ్గరుంచుకోండి.

స్టెంట్ పడ్డాక రక్తం గడ్డ కట్టకుండా ఇచ్చే మాత్రలు ఎట్టి పరిస్థితుల్లోనూ మీ అంతట మీరు ఆపొద్దు, ఆపితే స్టెంట్ లోపలే గడ్డ కట్టి ప్రాణం మీదికొస్తుంది. పన్ను పీకించుకోవాలన్నా ముందు గుండె డాక్టరుని అడగండి, పళ్ల డాక్టరుకి కూడా స్టెంట్ ఉందని చెప్పండి. డిశ్చార్జి రోజున ఏ మాత్ర ఎన్ని నెలలు వాడాలో చీటీ మీద రాయించుకుని, అప్పుడే బయల్దేరండి.