అమరావతి స్తూపం బ్లెండర్‌లో: అండం కోడిగుడ్డులా సాగిపోతుంటే

సమస్య ఇది: చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలోనూ బ్రిటిష్ మ్యూజియంలోనూ ఉన్న పలకల మీద మహాచైత్యం (అంటే ఈ అమరావతి స్తూపమే) బొమ్మే చెక్కి ఉంటుంది కదా, ఆ ఫొటో పెట్టి బ్లెండర్ అనే 3D సాఫ్ట్‌వేర్‌లో మోడల్ చేస్తే అండం (స్తూపం గుమ్మటం) నిలువుగా సాగిపోతోంది. లెన్స్ కరెక్షన్, వేరే పలక, కొలతల సగటు, ఏదీ పనిచేయలేదు.

పనిచేసింది ఇదీ. మొదట బొమ్మను పక్కన పెట్టి, తవ్వకాల ప్లాన్ నుంచి వేదిక (అండం కింది గుండ్రటి దిమ్మె) వృత్తం గీశాను (వ్యాసం దాదాపు 50 మీటర్లు). తర్వాత ఫొటోను ప్రాకారం (చుట్టూ ఉండే రాతి కంచె), వేదిక, అండం అని మూడు ముక్కలు చేశాను. శిల్పి ఉన్న పలకలో అంతా ఇరికించాలి, పాపం. అందుకే మూడింటికీ ఒకే స్కేల్ ఉండదు. ప్రాకారం ముక్కను మిగిలిన అసలు స్తంభం ఎత్తుకు సరిపెట్టాను. వేదిక, అండం ముక్కల్ని అడ్డంగా వృత్తానికి కట్టేసి, నిలువు స్కేల్ విడిగా తగ్గించాను. చివర్లో సగం అండానికి కర్వ్ గీసి స్క్రూ మాడిఫైయర్‌తో (గీతను అక్షం చుట్టూ తిప్పి ఆకారం చేసే బ్లెండర్ సాధనం) తిప్పాను. నాలుగు దిక్కులా అయిదేసి ఆయక స్తంభాలు (వేదిక నుంచి ముందుకు పొడుచుకొచ్చిన దిమ్మెల మీద నిలిచేవి) అప్పుడు చక్కగా కూర్చున్నాయి.

అండం ఎత్తు, హర్మిక (అండం పైనుండే చదరపు కట్టడం) మాత్రం ఇప్పటికీ నా అంచనాలే. ప్లాన్ దొరికే నాగార్జునకొండ స్తూపాలకు ఇది పనికిరావచ్చు. పునాది కొలతలే లేకపోతే కష్టం.