చెక్ బౌన్స్ కేసులో ఏఐ సాయం తీసుకోవడం ఎలా?

చేబదులు ఇచ్చిన డబ్బుకు చెక్కు పుచ్చుకుంటే, అది కాస్తా బౌన్స్ అయింది. లాయరు గడప తొక్కేలోపే చాలామంది ఏఐ చాట్‌బాట్‌ను అడిగేస్తున్నారు. అడగండి, తప్పేం లేదు. కాకపోతే లెక్కలు దానికి అప్పగించాలి, తీర్పులు మనమే చూసుకోవాలి.

ముందుగా తేదీలు వరసగా ఇవ్వండి: చెక్కు మీద ఉన్నది, బ్యాంకు రిటర్న్ మెమో (చెక్కు వెనక్కి పంపుతూ ఇచ్చే చీటీ) అందినది, నోటీసు పంపినది, అది అవతలివాళ్లకు ముట్టినది. పేర్లు, అకౌంటు నంబర్లు ఇవ్వొద్దు.

తర్వాత గడువులు కట్టమనండి. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 ప్రకారం, బౌన్స్ అయిందని బ్యాంకు నుంచి తెలిసిన 30 రోజుల్లో రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. అది అందాక డబ్బు కట్టడానికి వాళ్లకు 15 రోజులు. కట్టకపోతే ఆపైన నెలలోపు కోర్టులో ఫిర్యాదు. ఈ నెల దగ్గరే యంత్రం తడబడొచ్చు. నోటీసు జులై 6న అందిందనుకోండి. 15 రోజులు 21తో అయిపోతాయి, ఫిర్యాదు హక్కు 22న పుడుతుంది. ఆ రోజును లెక్కలోంచి తీసేస్తే ఆఖరు రోజు ఆగస్టు 22. నెలంటే 30 రోజులనుకుంటే ఏఐ ఆగస్టు 21 అని చెబుతుంది. చట్టం అన్నది క్యాలెండర్ నెల. అలాగని ఆఖరు రోజుదాకా ఆగి టెన్షన్ పడటం దేనికి?

అసలు చిక్కు తీర్పులతోనే. కేసు ఏ ఊళ్లో వేయాలని అడిగితే 2014 నాటి సుప్రీంకోర్టు దశరథ్ రూప్‌సింగ్ రాథోడ్ తీర్పు చూపించి, చెక్కు ఇచ్చినవాళ్ల బ్యాంకు ఉన్నచోట అనొచ్చు. తీర్పు నిజమైనదే, కానీ 2015లో చట్టాన్ని సవరించారు. మీ ఖాతా ద్వారా చెక్కు వేస్తే, ఆ ఖాతా ఉన్న బ్రాంచి పరిధిలోని కోర్టులోనే వేయాలి. చెక్కు విశాఖ బ్యాంకుదైనా మీ ఖాతా వరంగల్‌లో ఉంటే, కేసు వరంగల్‌లోనే. అందుకే "దీని తర్వాత చట్టం మారిందా?" అని ప్రతి తీర్పుకూ విడిగా అడగండి.

"ఈ కేసు నిజంగా ఉందా?" అని మాత్రం దాన్నే అడక్కండి. న్యూయార్క్‌లో ఒక లాయరు చాట్‌జీపీటీని అలాగే అడిగితే ఉందనే చెప్పింది. లేని తీర్పులు కోర్టుకిచ్చి, 2023లో ఇద్దరు లాయర్లు, వాళ్ల సంస్థ 5,000 డాలర్ల జరిమానా కట్టాల్సి వచ్చింది. సుప్రీంకోర్టు తీర్పులు దొరికే ఈ-ఎస్‌సీఆర్ పోర్టల్ ఉచితం. అందులో తీర్పు తెరిచి, ఏఐ చెప్పిన పేరా ఉందో లేదో కళ్లారా చదవండి. కనిపించకపోతే కొట్టేయండి.

కొట్టేయగా మిగిలిన వివరాల కాగితం, రిటర్న్ మెమో, నోటీసు పోస్టల్ రసీదు పట్టుకుని లాయరు దగ్గరికి వెళ్లండి.