ఈరీ ఒడ్డున ఉన్నవాళ్లూ, నీళ్లు కాచకండి

పోయిన వారం మా వీధిలోవాళ్ల కుక్క సరస్సులో ఆడొచ్చి ఒళ్లంతా నాక్కుంది. సాయంత్రానికి వాంతులు, తెల్లారేసరికి పోయింది. జులై నుంచి అక్టోబరు దాకా ఇక్కడ అమెరికాలో, ఈరీ సరస్సు పశ్చిమ భాగంలో సయనోబ్యాక్టీరియా అనే ఈ విషపు పాచి కాలమే. పచ్చగా ఉన్న నీళ్లు తాగొద్దని నేను చెప్పక్కర్లేదు.

నా భయం వేరే. వేసవికి అమ్మలూ అత్తయ్యలూ ఊరి నుంచి వస్తారు. నీళ్ల మీద అనుమానం రాగానే గిన్నె స్టవ్వెక్కుతుంది. టైఫాయిడ్‌కి అది మంచిదే. ఇక్కడ మాత్రం ముంచుతుంది. మరిగిస్తే ఈ పాచి కణం పగిలి లోపలి మైక్రోసిస్టిన్ అనే విషం నీళ్లలోకి వస్తుంది. ఆ విషం మరిగినా విరగదు. ఆవిరయ్యేది నీళ్లే, గిన్నెలో విషం ఇంకా చిక్కబడుతుంది. 2014 ఆగస్టు 2న, ఈ సరస్సు నీళ్లే తాగే టొలెడో నగరంలో నాలుగు లక్షల మందికి పైగా ట్యాప్ నీళ్లు వద్దన్నప్పుడు, మరిగించొద్దని కూడా చెప్పారు. మా పక్క ఫ్లాట్‌లో అమ్మమ్మగారు రెండ్రోజులూ కాచి ఫ్లాస్కులో పోశారు. నోటీసు ఇంగ్లిషులో ఉంది మరి.

గుర్తుపట్టడానికి: గ్లవ్స్ వేసుకుని గాజు సీసాలో ముప్పావు వంతు నీళ్లు పట్టి, ఫ్రిజ్‌లో రాత్రంతా కదపకుండా ఉంచండి. మామూలు నాచు ఎక్కువగా అడుక్కి దిగుతుంది. ఈ విషపు పాచి కణాల్లో గాలి ఉండడంతో పైకి తేలి పచ్చటి వలయం కడుతుంది. కర్రతో ఎత్తితే నాచు జుట్టులా వేలాడుతుంది, ఇది పెయింట్‌లా పూసుకుంటుంది. ఇంతవరకే మన చేతిలో ఉన్నది. విషముందా, ఎంతుందా అన్నది ల్యాబ్ చెప్పాలి. ఒహాయోలో తాగేనీటికి గీత ఆరేళ్లలోపు పిల్లలకి లీటరుకు 0.3 మైక్రోగ్రాములు, ఆరేళ్లు, ఆపైబడ్డవాళ్లకి 1.6.

సీసా మీద పెద్దక్షరాలతో రాయండి, ఎవరైనా తాగేస్తారు.

తేటబడిందని దిగకండి. పాచి చచ్చాక కూడా విషం కొన్నాళ్లుంటుంది.

పొద్దున శుభ్రంగా ఉన్న ఒడ్డుకే సాయంత్రం గాలి పాచిని తోసుకొస్తుంది. మళ్లీ చూడండి.

ఫ్రిజ్ ఫిల్టర్‌ని నమ్మకండి.

నోటీసు ఉన్నన్నాళ్లూ ఆ నీళ్లతో పాలపొడి కలపొద్దు. అన్నం వద్దు, చారు వద్దు, కాఫీ వద్దు. అవన్నీ మరిగించడమే కదా!

పట్టిన చేప పొట్టలోవన్నీ పారేయండి. కాలేయం పులుసులో వేయకండి.

కుక్క గొలుసు విప్పకండి. తడిస్తే, నాక్కోకముందే కడగండి.

నోటీసు రాగానే ముందు అమ్మకి తెలుగులో చెప్పండి. స్టవ్ మీద గిన్నె ఉంటే దించి సింకులో పోసేయండి.