పరుగు ఆగి గురి మొదలయ్యే చోట: వేసవి బయాథ్లాన్‌కి ముందు జాగ్రత్తలు

కాలువలు కట్టేసే రోజులు దగ్గర పడ్డాయి. పరీక్షలు అవగానే డెల్టాలో ఏ ఊళ్లో చూసినా పిల్లలు గట్ల మీదే ఉంటారు. మేం ఆ సెలవుల్లోనే బయాథ్లాన్ తరహా ఆటలు నేర్పిస్తుంటాం. కొందరికి పరుగు, ఎయిర్ గన్. ఇంకొందరికి పరుగు, ఈత. ఈసారి కొత్తగా చేరేవాళ్లు ఎక్కువమంది ఉన్నారు కాబట్టి, క్యాంపు మొదలయ్యేలోపు వాళ్ల అమ్మానాన్నలూ, మాతో పాటు నేర్పే అన్నలూ అక్కలూ ఇది ఒకసారి చదవాలని రాస్తున్నాను.

అసలు బయాథ్లాన్ మంచు దేశాల ఆట. రైఫిల్ వీపున తగిలించుకుని స్కీల మీద కిలోమీటర్లు పోవాలి, ఆగాలి, 50 మీటర్ల దూరంలో ఉన్న ఐదు గురులు కొట్టాలి. పడుకుని కొట్టేటప్పుడు గురి వెడల్పు 45 మిల్లీమీటర్లే. నిలబడి కొట్టేటప్పుడు 115. గుండు తప్పితే చాలా పోటీల్లో 150 మీటర్ల చుట్టు అదనంగా తిరగాలి. వింటర్ ఒలింపిక్స్‌లోకి మగవాళ్ల పోటీ 1960లో, ఆడవాళ్లది 1992లో వచ్చాయి. మంచు లేని చోట్ల దీన్ని రకరకాలుగా మార్చుకున్నారు. చక్రాల స్కీల మీద ఆడతారు, ఉత్త పరుగుతో ఆడతారు, కొన్నిచోట్ల సైకిలు తొక్కి ఆడతారు. రైఫిల్ బదులు విల్లు పట్టుకునే రకం ఉంది. మందు కూరి పేల్చే పాతకాలపు తుపాకులతో ఆడేవాళ్లూ ఉన్నారు. ఐదు ఆటలు కలిపి ఆడే మోడర్న్ పెంటాథ్లాన్ వాళ్ల లేజర్ రన్‌లో పరుగెత్తి వచ్చి 10 మీటర్ల దూరం నుంచి లేజర్ పిస్టల్‌తో ఐదు గురులు కొట్టాలి, అందుకు ఇచ్చేది 50 సెకన్లే. బయాథ్లే అనేదాంట్లో తుపాకీ లేదు. పరుగు, ఈత, మళ్ళీ పరుగు. మన ఊళ్లకి ఈ చివరి రెండూ బాగా సరిపోతాయి.

వీటిలో ఏది తీసుకున్నా ప్రమాదం పొంచి ఉండేది ఒక్కచోటే అని నేర్పుతూ నేర్పుతూ తెలుసుకున్నాను. పరుగులో కాదు, గురిలో కూడా కాదు. ఒకటి ఆగి రెండోది మొదలయ్యే ఆ పది అడుగుల్లో. గుండె దడదడలాడుతుంటుంది, కళ్ళలోకి చెమట కారుతుంటుంది, పక్కవాడు ముందుకి పోయాడన్న టెన్షన్. అప్పుడు చెయ్యి ఏం చేస్తోందో మనిషికి తెలియదు.

నా కళ్లముందు జరిగింది చెబుతాను. ఒక పోటీలో పరుగు ముగించి వచ్చిన అబ్బాయి ఎయిర్ గన్‌లో పెల్లెట్, అంటే చిన్న సీసపు గుండు, పెట్టుకున్నాడు. వెనకనుంచి స్నేహితుడు పేరు పెట్టి పిలిచాడు. వీడు ‘ఆఁ’ అంటూ తుపాకీతో సహా వెనక్కి తిరిగాడు. అక్కడ చాప మీద చిన్నపిల్లలు వరసగా కూర్చుని ఉన్నారు. ట్రిగ్గర్ నొక్కలేదు, అంతే. ఆ పిల్లాడి తప్పేం లేదు. పేరు పెట్టి పిలిస్తే ఎవరైనా తిరుగుతారు. అక్కడ గీత గీయని పెద్దవాళ్లది తప్పు, వాళ్లలో నేనూ ఉన్నాను.

అందుకే మా మొదటి నియమం గీత. గురి కొట్టే చోటికి పది మీటర్ల ముందు సున్నంతో గీత గీస్తాం. అది దాటాక ఎవరూ పరుగెత్తకూడదు, నడవాలి. చూసేవాళ్లు ఆ గీతకి ఇవతలే ఉండాలి, లోపలున్నవాళ్లని పిలవకూడదు. నడిస్తే టైము పోతుందని పిల్లలు గోల పెడతారు. ప్రపంచ స్థాయి ఆటగాళ్లు కూడా రేంజ్ దగ్గరపడగానే వేగం తగ్గించి ఊపిరి అదుపులోకి తెచ్చుకుంటారని చెప్పండి. నడిచి వచ్చినవాడికి గురి బాగా కుదురుతుందని నాలుగో రోజుకి వాళ్లకే తెలుస్తుంది.

రెండోది, పిల్లలు తుపాకీ పట్టుకుని పరుగెత్తకూడదు. మంచు మీద ఆడేవాళ్లు వీపున మోస్తారు నిజమే. కానీ అప్పుడు గొట్టం మొన పైకే ఉండాలి, లోపల తూటా ఉండకూడదు, చాప మీదకి చేరి మొన గురివైపు తిప్పాకే తూటా ఎక్కించాలి. ఇది తప్పితే పోటీ నుంచే పంపేస్తారు. ట్రిగ్గర్ కూడా కనీసం 500 గ్రాముల బరువుకి గానీ కదలకూడదని నియమం, వణికే వేలికి పేలకుండా. అన్నేళ్లు సాధన చేసినవాళ్లకే అన్ని కట్టుబాట్లు ఉన్నప్పుడు మన పిల్లలకి ఇంకా గట్టిగా ఉండాలి. మా దగ్గర తుపాకీ బల్ల మీదే ఉంటుంది, ఖాళీగా, మొన గురివైపు. పక్కన ఒక పెద్దమనిషి ఉంటారు. ఆయన ‘ఊఁ’ అన్నాకే పెల్లెట్.

తీర్థాల్లో బెలూన్లు కొట్టిన అలవాటుతో చాలామంది ఎయిర్ గన్‌ని బొమ్మ కింద లెక్కేస్తారు. దాని పెల్లెట్ వంద మీటర్లు దాటి కూడా పోతుంది, కంట్లో పడితే కన్ను పోతుంది. గురి వెనక ఇసుక బస్తాలు మనిషెత్తు పేర్చండి. కొబ్బరి చెట్టునీ గోడనీ నమ్ముకోవద్దు, గట్టిదానికి తగిలితే పెల్లెట్ పక్కకి ఎగురుతుంది. గురి గట్టు వైపు ఉంటే గట్టు మీదకి ఎవరూ రాకుండా మనిషిని నిలబెట్టాలి, గేదెలు తోలుకుపోయేవాళ్లు చెప్పి రారు. గొట్టాన్ని కిందికి విరిచి పెల్లెట్ పెట్టే రకం తుపాకీ అయితే ఇంకో సంగతి: చెమట చేతిలోంచి గొట్టం జారితే ఠక్కున మూసుకుని వేళ్ళు నలుగుతాయి. ముందు చేతులు తుడుచుకోవాలి. అందరికీ కళ్ళద్దాలు ఉండాలి. పెల్లెట్లు సీసంతో చేసినవి, సబ్బుతో చేతులు కడుక్కోకుండా ఏమీ తినకూడదు. లేజర్ రన్‌కి పోటీ పిస్టళ్లు దొరక్కపోతే ఎయిర్ గన్‌తోనే సరిపెట్టుకోండి, బజారులో అమ్మే లేజర్ లైట్లు మాత్రం పిల్లల చేతికి ఇవ్వొద్దు. వాటి వెలుగు నేరుగా పడితే చూపు దెబ్బతింటుంది.

విల్లు రకం ఆడదామనే పిల్లలు ఈసారి కొందరున్నారు. 2023లో హాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్‌లో మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ మూడు బంగారు పతకాలు తెచ్చినప్పటినుంచీ ఆ మోజు ఉంది. బాణాలు ఏరుకోవడానికి అందరూ ఒకేసారి వెళ్లాలి. ఒక్కరు ముందున్నా ఎవరూ విల్లు ఎత్తకూడదు.

ఇక ఒంటి సంగతి. మన దగ్గర ఎండ కంటే ఉక్క చెడ్డది. గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. పొద్దున్న ఐదున్నరకి మొదలుపెట్టి ఏడున్నరకల్లా ముగించాలి. రోహిణి కార్తెలో అసలు పెట్టవద్దు. ఉప్పేసిన మజ్జిగ, కొబ్బరి బొండాలు, ఓఆర్ఎస్ దగ్గర ఉంచుకోండి. పరుగెత్తి ఒక్కసారిగా ఆగితే రక్తం కాళ్ళలో నిలిచి కళ్ళు తిరుగుతాయి, పడుకుని గురి కొట్టి గబుక్కున లేచినా అంతే. నెమ్మదిగా మోకాళ్ళ మీదకి లేచి, ఒక ఊపిరి తీసుకుని నిలబడమనండి. పిల్లాడు పొంతన లేకుండా మాట్లాడుతున్నా, తూలుతున్నా, ఒళ్ళు కాలిపోతున్నా అది వడదెబ్బే. 108కి ఫోన్ చెయ్యండి, అది వచ్చేదాకా నీడలో పడుకోబెట్టి ఒళ్ళంతా నీళ్ళు పోస్తూ విసరండి. తెలివి సరిగ్గా లేనివాళ్ల నోట్లో నీళ్ళు పోయకూడదు.

ఈత గురించి గట్టిగా చెబుతాను: బయాథ్లే సాధన కాలువలో చెయ్యవద్దు. ఈత బాగా వచ్చిన పిల్లాడైనా సరే. పరుగెత్తి ఆయాసపడుతూ దూకితే మొదటి ఊపిరికే నీళ్ళు మింగుతాడు. కట్టేసిన కాలువలో మడుగులు ఎంత లోతో పైకి కనిపించదు. గుర్రపు డెక్క కాళ్ళకి చుట్టుకుంటుంది. నీళ్ళు వదిలాక లాకుల దగ్గరా తూముల దగ్గరా సుడి లాగేస్తుంది. గోదావరి పాయల్లో ఇసుక తీసిన గోతులు, సముద్రం దగ్గర ఆటుపోట్లు. చేపల చెరువులు, రొయ్యల చెరువుల్లో అయితే నీళ్ళలోకి గాలి కొట్టే ఏరేటర్ల కరెంటు వైర్లు. ఈత కొలను (స్విమ్మింగ్ పూల్) ఉన్న ఊరికి వారానికి రెండుసార్లు తీసుకెళ్లడం ఖర్చే, మేం అదే చేస్తున్నాం. మిగతా రోజుల్లో పరుగు ఒక్కటే. కొలనులోనైనా దూకే ముందు గట్టున ఆగి మూడు ఊపిర్లు తీసుకోవాలి, నీళ్ళు ఒంటి మీద చల్లుకుని మెల్లగా దిగాలి. బయటికి వచ్చేటప్పుడు కాళ్ళు తేలిపోతాయి, తడి మెట్ల మీద చెయ్యి పట్టుకోవడానికి ఒకరు ఉండాలి.

పిల్లలు మనకి చెప్పకుండా కాలువకి వెళ్లే రోజూ ఉంటుంది. అందుకని ఈ రెండూ ఇంట్లో అందరికీ నేర్పండి. మునుగుతున్నవాడి కోసం దూకవద్దు. గెడ అందించండి, లేదా మూత బిగించిన ఖాళీ వాటర్ క్యాన్‌కి తాడు కట్టి విసరండి. బయటికి తీశాక ఊపిరి లేకపోతే తలకిందులుగా తిప్పడం, పొట్ట నొక్కడం చెయ్యవద్దు. వెల్లకిలా పడుకోబెట్టి నోటితో ఊపిరి ఊదుతూ, ఛాతీ మధ్యలో బలంగా నొక్కుతూ ఉండాలి, 108 వచ్చేదాకా ఆపకూడదు. ఇది చేసి చూపించడానికి మొదటి రోజే ఒక నర్సుని పిలుస్తున్నాం, అమ్మానాన్నలు తప్పకుండా రండి.

కాలి మీద పుండో గాయమో ఉన్నవాళ్లు బోదెల్లోనూ బురదలోనూ దిగకూడదు. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళ వల్ల లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వస్తుంది. జ్వరంతో పాటు పిక్కలు బాగా నొప్పెట్టినా, కళ్ళు ఎర్రబడినా డాక్టర్‌కి నీళ్ళలో దిగిన సంగతి కూడా చెప్పండి.

ఉబ్బసం, మూర్ఛ, గుండె జబ్బు ఉన్న పిల్లల సంగతి నాకు ముందే చెప్పండి, ఆట మానిపించను, వాళ్లకి తగ్గట్టు మారుస్తాను. మొదటి రోజు రెండు తువ్వాళ్లు, నీళ్ళ సీసా, వెనక పట్టీ ఉన్న చెప్పులు లేదా బూట్లు పంపండి. సున్నం గీత మేం తెల్లవారకముందే గీసి ఉంచుతాం.