కుక్కపిల్ల పొట్ట ఉబ్బిందా? నట్టల మందు వేయించండి

మా అనంతపురంలో వీధికుక్క ఈనితే పిల్లని ఇంటికి తెచ్చుకోవడం మామూలే. పొట్ట డోలులా ఉబ్బి, వెన్నెముక మాత్రం చేతికి తగులుతుంటే అది పాలు బాగా తాగినందుకు కాదు, చాలాసార్లు ఏలికపాములే, అంటే పేగుల్లోని నట్టలే కారణం. తల్లి కడుపులో ఉండగానే వచ్చేస్తాయి, పాల ద్వారా కూడా. అందుకే కుక్కపిల్లకి 2 వారాల వయసులోనే నట్టల మందు మొదటి డోసు పడాలి, పిల్లికూనకి 3 వారాలకి. తర్వాత రెండు వారాలకోసారి, కనీసం 8 వారాలు నిండేదాకా. తల్లికీ వేయించండి.

డోసు బరువును బట్టి ఉంటుంది. వంటింటి త్రాసు మీద గిన్నె పెట్టి, అందులో పిల్లని కూర్చోబెట్టి తూచి, ఆ లెక్క పశువుల డాక్టరుకి చెప్పండి. మన ఇంట్లో చిన్నపిల్లలకి వేసే నట్టల మాత్ర విరిచి వేయడం మాత్రం వద్దే వద్దు! మందు వేశాక విరేచనంలో సేమ్యాల్లాంటి పురుగులు పడితే టెన్షన్ పడకండి, మందు పనిచేసినట్టే. ఆ విరేచనాన్ని వెంటనే ఎత్తేయండి. ఆ పురుగుల గుడ్లు మట్టిలో నెలల తరబడి బతుకుతాయి, చిన్నపిల్లలు ఆడుకునేది ఆ మట్టిలోనే.