హాలో నైట్‌లో స్టీల్ సోల్: ఒక్క ప్రాణంతో చివరిదాకా

హాలో నైట్ అనే వీడియో గేమ్‌ని ఒకసారి పూర్తి చేస్తే, ఏ ముగింపు వచ్చినా సరే, కొత్త ఆట మొదలుపెట్టే చోట స్టీల్ సోల్ అనే మోడ్ తెరుచుకుంటుంది. శత్రువుల బలం పెరగదు, బాసులు (పెద్ద శత్రువులు) కొత్త దెబ్బలు నేర్చుకోరు. చస్తే మాత్రం ఆ సేవ్ అక్కడితో సరి. అడిలైడ్‌లోని టీమ్ చెర్రీ 2017లో విడుదల చేసిన ఈ ఆటలో అంతకంటే కఠినమైన నియమం ఇంకేం కావాలి?

కాబట్టి ఇక్కడ పనికొచ్చేది చేతివేగం కంటే లెక్క. మొదట్లో మీకు ఐదు మాస్కులు, అంటే ఆరోగ్యాన్ని కొలిచే గుర్తులు. శత్రువుని నెయిల్‌తో (మీ కత్తి) ఒకసారి కొడితే 11 సోల్ (మాస్కులకి, మంత్రాలకి వాడే శక్తి) వస్తుంది. ఒక మాస్క్ నింపుకోవడానికి 33 సోల్ ఖర్చవుతుంది. అంటే మూడు దెబ్బలకు ఒక మాస్క్. సోల్ పాత్ర నిండా 99, అంటే మూడు మాస్కులు. వెంజ్‌ఫుల్ స్పిరిట్ మంత్రానికి కూడా 33 సోలే పడుతుంది. అది చేసే నష్టం 15, పాత నెయిల్ మూడు దెబ్బలకు సమానం. తొలి గంటల్లో మంత్రం వేసిన ప్రతిసారీ మీరు ఒక మాస్క్‌ని మూడు దెబ్బలకు అమ్ముకుంటున్నారన్నమాట. దారి మూసిన ఎల్డర్ బాల్డర్ లాంటి చోట్ల తప్ప ఆ బేరం గిట్టదు.

సోల్ క్యాచర్ చార్మ్ (పెట్టుకుంటే బలమిచ్చే తాయెత్తు) దొరకగానే అందరూ పెట్టేసుకుంటారు. దానితో దెబ్బకు 11 బదులు 14 వస్తుంది. కానీ లెక్క చూడండి: రెండు దెబ్బలకు 28, అంటే మొదటి మాస్క్‌కి ఇంకా మూడు దెబ్బలే కావాలి. రెండు మాస్కులకు ఆరు బదులు ఐదు దెబ్బలు చాలు, లాభం అక్కడే మొదలవుతుంది. పొడవాటి బాస్ పోరులో ఇది పనికొస్తుంది. దారిన పోతూ ఒక్కో పురుగుని కొట్టే చోట దానివల్ల పెద్ద తేడా ఉండదు.

ఈ మోడ్‌లో తలకిందులయ్యే విషయాలు కొన్నున్నాయి, వాటిని ముందే తెలుసుకుంటే పని తేలికవుతుంది. ఫంగల్ వేస్ట్స్ ప్రాంతంలో లెగ్ ఈటర్ అనే వ్యాపారి అమ్మే ఫ్రాజైల్ చార్మ్‌లు మామూలు ఆటలో చచ్చినప్పుడల్లా విరిగిపోతాయి. ఇక్కడ చావే ఆఖరు కాబట్టి విరిగే ప్రశ్నే లేదు. 600 జియో (ఆటలోని డబ్బు) పెట్టి ఫ్రాజైల్ స్ట్రెంత్ కొంటే నెయిల్ బలం సగం పెరుగుతుంది, ఇక అది శాశ్వతం. 350కి దొరికే ఫ్రాజైల్ హార్ట్ రెండు అదనపు మాస్కులిస్తుంది. మొదటిసారి ఆడేటప్పుడు విరుగుతాయనే భయంతో వీటిని ముట్టనివాళ్లు కూడా ఇక్కడ ధైర్యంగా కొనొచ్చు. అలాగే చచ్చి జియో పోగొట్టుకునే భయం కూడా లేదు కాబట్టి బ్యాంకులో దాచే అవసరం లేదు. అసలే ఆ బ్యాంకు నడిపే మిల్లీబెల్ ఒకనాడు డబ్బు మూటగట్టుకుని పరారయ్యే రకం.

డర్ట్‌మౌత్ ఊళ్లో మామూలుగా జీజీ అనే పాత్ర ఉండే గుహలో ఈ మోడ్‌లో జిన్ ఉంటుంది. కుళ్లిన గుడ్డు ఒక్కోటి ఇస్తే 450 జియో ఇస్తుంది. అదే గుడ్డు స్లై దుకాణంలో 60కే దొరుకుతుంది. గుహ తెరవడానికి సింపుల్ కీ ఒకటి కావాలి, అయినా గిట్టుబాటే.

దారి గురించి పెద్దగా చెప్పేదేం లేదు, మామూలుదే: క్రాస్‌రోడ్స్, గ్రీన్‌పాత్, ఫంగల్ వేస్ట్స్, సిటీ ఆఫ్ టియర్స్. కానీ మ్యాప్‌కి, కంపాస్‌కి డబ్బు తగలేసేముందు నెయిల్‌కి పదునుపెట్టే నెయిల్‌స్మిత్ సంగతి గుర్తుంచుకోండి. సిటీలో 250 జియోకి మొదటి అప్‌గ్రేడ్ చేస్తాడు, పేల్ ఓర్ అనే ఖనిజం అక్కర్లేదు. నష్టం 5 నుంచి 9కి పెరుగుతుంది. పోరాటాలన్నీ దాదాపు సగం కాలంలో ముగుస్తాయి కాబట్టి దెబ్బలు తినే సమయమూ సగమే. ఆ డబ్బుకి ఇంతకంటే మంచి ప్రాణరక్షణ ఈ ఆటలో లేదు.

ఒక దాన్ని మాత్రం దగ్గరగా చూద్దాం. ఫాల్స్ నైట్ అనే బాస్‌తో పోరులో మొదట కవచాన్ని కొడతారు, అది పగిలాక వాడు కూలబడి లోపలి పురుగు తల బయటపడుతుంది. చాలామంది ఆ తలమీద ఆత్రంగా దెబ్బలు వేస్తూనే ఉంటారు. తల బయటున్నంతసేపు వాడు ఏమీ చేయలేడు, కాబట్టి ముందు ఫోకస్ పట్టి మాస్క్ నింపుకోండి, ఆ తరవాత కొట్టండి. మాస్క్ నింపడానికి ఒక సెకను పైనే పడుతుంది, పోరు మధ్యలో ఆ సెకను దొరికే చోట్లు తక్కువ. ప్రతి బాస్‌కీ ఇలాంటి కిటికీ ఒకటి వెతికిపెట్టుకోవాలి.

సోల్ మాస్టర్ అనే బాస్ దగ్గర దీనికి పూర్తిగా రివర్స్. వాడు కూలిపోతాడు, అయిపోయిందనిపిస్తుంది, మీరు చేతులు వదులు చేస్తారు. అది నటన. లేచొచ్చి నేలను బద్దలుకొట్టి కింద గదిలో మరింత వేగంగా దాడి చేస్తాడు. ఒకటి రెండు మాస్కులతో ఈ దశకి చేరితే అక్కడే ముగుస్తుంది. అందుకే ఎలాంటి బాస్ అయినా ఆటే గెలుపు ప్రకటించేదాకా కళ్లు తిప్పకండి.

అసలు ప్రమాదం బాసుల మధ్య ఉండే దారుల్లోనే. ముళ్లమీద పడితే ఒక మాస్క్ పోయి చివరి నిలకడ చోటుకి తెస్తుంది. ఒక్క మాస్కే మిగిలి ఉంటే ఆ పడటమే చావు. అందుకని ఒక గట్టి నియమం పెట్టుకోండి: రెండు మాస్కుల కంటే తక్కువుంటే ముళ్లు, యాసిడ్ ఉన్న గదిలోకి అడుగుపెట్టకూడదు. వెనక్కి వెళ్లి చిన్న పురుగుల్ని కొట్టి సోల్ తెచ్చుకుని నింపుకోండి, విసుగొచ్చినా సరే. ముళ్లమీద నెయిల్ కిందికి కొట్టి ఎగిరితే దాటొచ్చుగానీ సోల్ రాదు, శత్రువుమీద ఎగిరితే వస్తుంది. దెబ్బ తిన్నాక సుమారు 1.3 సెకన్లు మళ్లీ దెబ్బ తగలదు. ఆ వ్యవధిని తప్పించుకోవడానికి వాడండి, ఎదురుదాడికి కాదు.

డీప్‌నెస్ట్ అనే చీకటి ప్రాంతానికి తొందరపడకండి. మాంటిస్ లార్డ్స్ అనే బాసుల్ని గెలిస్తే తెరుచుకునే దారి అక్కడికే. లుమాఫ్లై లాంతరు లేకపోతే చీకటి గదుల్లో ముళ్లు కనపడవు. స్లై దగ్గర 1,800 జియో, ఖరీదైనా ముందుగా కొనాల్సిందే.

ప్రాణం పోతుందనిపిస్తే ఒక మార్గం ఉంది: పాజ్ చేసి మెనూకి వెళ్లిపోవడం. తిరిగి తెరిస్తే చివరిసారి కూర్చున్న బెంచ్ (ఆట సేవ్ అయ్యే చోటు) దగ్గర నిండు మాస్కులతో మొదలవుతుంది. దీన్ని మోసమని కొట్టిపారేసేవాళ్లున్నారు. ఆట ఇచ్చిన మెనూలో ఉన్నదే కాబట్టి మాకు అభ్యంతరం లేదు. కానీ చివరి దెబ్బ తగిలాక నొక్కితే లాభం లేదు. రెండు మాస్కుల దగ్గరే నొక్కడం అలవాటు చేసుకోవాలి, ఒకటి మిగిలాక వేలు ఆలస్యమవుతుంది.

మరో వెసులుబాటు, కలల్లో జరిగే పోరాటాలది. ఫెయిల్డ్ ఛాంపియన్, సోల్ టైరంట్, లాస్ట్ కిన్ చేతిలో చస్తే కేవలం మెలకువ వస్తుంది, సేవ్ బతికే ఉంటుంది. వరుస పోరాటాలు జరిగే కొలోసియం అలా కాదు, అక్కడ చావు నిజమైన చావే. స్టీల్ సోల్ అచీవ్‌మెంట్‌కి ఆట పూర్తి చేస్తే చాలు, నూరు శాతం అడిగేది స్టీల్ హార్ట్. మొదటిసారి ఆడేవాళ్లు ఆ రెండోదాని జోలికి, కొలోసియం జోలికి వెళ్లనే వద్దు.

ఆఖరి బాస్ దారిని మూసి ఉంచే ముగ్గురు డ్రీమర్లలో లూరియెన్ దగ్గరి వాచర్ నైట్స్ అనే బాసులు కష్టం. ఒకరి తరవాత ఒకరు లేచే ఆరుగురు. పోరుగది పైకి వెళ్లే రహస్య దారి వెతికి, వేలాడే షాండ్లియర్‌ని తెంచి పడేస్తే ఒకడు పోరు మొదలవకముందే పోతాడు. మరో డ్రీమర్ హెర్రా ఉండే బీస్ట్స్ డెన్‌లో బెంచ్ కనపడితే అది వల. సోల్ నింపుకున్నాకే కూర్చోండి.

ఆఖరికి, ఆటకి పేరిచ్చిన బాస్ హాలో నైట్. పోరు ముదిరాక మధ్యలో తన కత్తితో తననే పొడుచుకుంటాడు. ఆ క్షణంలో మీకు రెండు దారులున్నాయి, కొట్టడం లేదా నింపుకోవడం. మూడు మాస్కుల కంటే తక్కువుంటే నింపుకోండి, ఆ దెబ్బలు తనకు తానే వేసుకుంటున్నాడు కదా.