8 జీబీ ర్యామ్‌తో యాప్ డెవలప్‌మెంట్: నా అనుభవం

షాపు స్టాకు లెక్కలకు యాప్ రాద్దామని కూర్చున్నా. ల్యాప్‌టాప్‌లో ర్యామ్ 8 జీబీ; ఎమ్యులేటర్ (కంప్యూటర్ తెర మీద నడిచే నకిలీ ఫోన్), బిల్డు (కోడ్‌ని యాప్‌గా మార్చే పని), బ్రౌజర్ ఒకేసారి నడిపితే మౌస్ కూడా మొరాయించేది. ఎమ్యులేటర్ పక్కన పెట్టేసి పాత ఆండ్రాయిడ్ ఫోన్ తీశా. సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబర్ మీద 7 సార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ (యాప్‌లు రాసేవాళ్ల కోసం దాచి ఉంచిన మెనూ) వస్తాయి. అందులో, కేబుల్‌తో కంప్యూటర్ నుంచి యాప్ ఎక్కించి పరీక్షించనిచ్చే యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేశా. అయినా కంప్యూటర్‌లో, కలిపిన ఫోన్లను చూపే ‘ఏడీబీ డివైసెస్’ కమాండ్ కొడితే జాబితా ఖాళీ! తీరా చూస్తే ఆ కేబుల్ ఛార్జింగ్‌కే పనికొచ్చే రకం. డేటా కేబుల్ పెట్టగానే ఫోన్ అనుమతి అడిగింది.

కోడ్ రాసే ఎడిటర్‌గా వీఎస్ కోడ్, దానికి తోడు ఫ్లట్టర్ (ఒకే కోడ్‌తో ఆండ్రాయిడ్‌కీ, ఐఫోన్‌కీ యాప్ చేసే టూల్‌కిట్) ఖాయం చేసుకున్నా. హాట్ రీలోడ్‌తో సేవ్ కొట్టగానే మార్పు ఫోన్‌లో కనిపిస్తోంది. ఆండ్రాయిడ్ ఒక్కదానికే అయితే కోట్లిన్ అనే ప్రోగ్రామింగ్ భాష చాలు, కానీ మా బావగారిది ఐఫోన్. దాని బిల్డుకి మ్యాక్ కంప్యూటర్, అందులో నడిచే యాపిల్ వారి టూల్ ఎక్స్‌కోడ్ తప్పవు. అంతవరకూ ఆయనకి కాగితం మీదే లెక్కలు.